పలక మీద పులుపు లెక్క

మూత తీయకండి. ముందు చెవి దగ్గర పెట్టి వినండి.

కుండ మూతికి కట్టిన పలచటి గుడ్డ కింద సన్నటి చిటపటలు వినిపిస్తున్నాయి కదా. రాత్రి తొమ్మిదింటికి కలిపి పెట్టిన జొన్నపిండి అది. ఇప్పుడు తెల్లవారుజాము నాలుగున్నర. మార్కాపురంలో ఏప్రిల్ నెల. పగలంతా 40 డిగ్రీలకు పైన కాగిన గోడలు ఆ వేడిని రాత్రంతా గదిలోకి వదులుతూనే ఉంటాయి. మనల్ని నిద్ర పోనివ్వని ఈ ఉక్కపోతే కుండలోని పనికి కావాల్సింది. చలికాలంలో పన్నెండు గంటలు దాటినా ఎక్కని పులుపు ఈ నెలలో ఏడెనిమిది గంటల్లో వచ్చేస్తుంది. అందుకే మిమ్మల్ని ఇంత పొద్దున్నే లేపాను. ఇంకో రెండు గంటలు ఆగితే పులుపు ముదిరిపోతుంది.

ఇప్పుడు గుడ్డ విప్పండి. పైన తేరిన నీళ్ల మీద చిన్న చిన్న బుడగలు, అంచున సన్నటి నురగ. వంగి వాసన చూడండి. మొదట పెరుగు వాసన తగులుతుంది, దాని వెనక పచ్చి జొన్న, ఇంకా లోపల ఎక్కడో మాగిన పండు వాసన లీలగా. ముక్కు తిప్పుకోవాలనిపించే కంపు వచ్చినా, గులాబీ మరక గానీ నల్ల బూజు గానీ కనిపించినా కుండంతా పారబోయడమే. అక్కడ మొహమాటం పనికిరాదు.

గోడకు ఆనించిన ఆ పలక అందుకోండి. చుట్టూ చెక్క కట్టు, మధ్యలో ఈ ఊరి రాయి. మన దేశంలో ఎన్ని తరాల పిల్లలు మార్కాపురం గనుల రాయి మీద అక్షరాలు దిద్దుకున్నారో! బడుల్లో పలక వాడకం తగ్గిపోయాక ఆ రాయి టైల్స్‌గా మారి ఇళ్ల గోడలకు, నేలలకు ఎక్కుతోంది. మా వంటింట్లో మాత్రం పలక ఇంకా రాయడానికే ఉంది. బలపంతో రాసింది చదవండి: జొన్నపిండి ఒక గ్లాసు, నీళ్లు మూడు, నిన్నటి పులుపు రెండు గరిటెలు, రాత్రి 9, గది 33 డిగ్రీలు. కింద ఒక వరస ఖాళీగా ఉంది. అది ఇప్పుడు మీరు నింపాలి.

డబ్బాలోంచి ఒక పీహెచ్ పట్టీ తీసి పిండినీళ్లలో ముంచండి. రంగు మారింది. డబ్బా మీది రంగుల వరసతో పోల్చి చూడండి. 4కూ 4.5కూ మధ్య. రాత్రి కలిపినప్పుడు ఇది 6 పైనే ఉంది. 4.6 కంటే కిందికి దిగితే ఆహారాన్ని విషం చేసే బొటులినం బాక్టీరియా అందులో పెరగలేదు. ఇంకా చాలా రకాల చెడు క్రిములకూ ఆ పులుపు గిట్టదు. పిండిలోనూ, పాత పులుపులోనూ ఉన్న లాక్టిక్ బాక్టీరియా జొన్నలోని చక్కెరలు తిని ఆమ్లం వదులుతాయి. పెరుగు తోడుకునేటప్పుడు జరిగేదీ ఈ పనే. పులుపుకు ఇలా ఒక అంకె ఇచ్చే పద్ధతి ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఈ పట్టీ మీద గౌరవం పెరుగుతుంది. 1909లో సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేస్తూ పీహెచ్ కొలతను రూపొందించాడు. బీరు తయారుచేసేవాళ్లు పెట్టిన ప్రయోగశాల అది. గింజను పులియబెట్టే పనిలో ఉన్నవాళ్లు ఆ కొలతను మనకిచ్చారు. గింజను పులియబెట్టే ఇంకో వంటింట్లో ఇవాళ దాన్ని మీరు వాడుతున్నారు.

అమ్మ లేచి వచ్చింది. "రా నాయనా, పీటేసుకో" అంటుంది మీతో. ఆమెకు పట్టీ అక్కర్లేదు. చిటికెన వేలు ముంచి నాలుక మీద వేసుకుంటుంది. "సరిపోయిందిలే. ఇంక ఆగితే పిల్లోళ్లు తాగరు" అంటుంది. పలక మీద అంకె పక్కన ఆ మాట కూడా రాయండి. రెండూ కలిస్తేనే రేపటి కుండకు లెక్క పనికొస్తుంది. అంకె పులుపు ఎంతో చెబుతుంది. ఎంత పులుపు మా ఇంటికి కావాలో చెప్పేది ఆమె నాలుక.

ఎసరు మరుగుతోంది. గిన్నె స్టీలుదే వాడాలి, లేదా మట్టిది. అల్యూమినియం గిన్నెలో పులుపు వండితే లోహం పదార్థంలోకి దిగుతుంది. ఎసట్లో ముందు గుప్పెడు జొన్న నూకలు పోసి మెత్తబడేదాకా ఉడకనిస్తుంది అమ్మ. ఆ తర్వాత పులిసిన పిండి ధార. మీరు తెడ్డు పట్టుకోండి. ఒకే వైపు తిప్పుతూ ఉండాలి, ఆపితే ఉండ కడుతుంది. మొదటి రెండు నిమిషాలూ ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా తెడ్డు బరువెక్కుతుంది. జొన్నలోని పిండిపదార్థం నీళ్లు పీల్చి ఉబ్బే ఘడియ అది. మంట తగ్గించి పావుగంట ఉడికించి దించేస్తాం. పొద్దెక్కి చల్లారాక మజ్జిగ, ఉప్పు, తరిగిన ఉల్లిపాయ, నంజుకోవడానికి పచ్చిమిరపకాయ. దానితో జొన్న అంబలి సిద్ధం.

పులియబెట్టి వండాలా, వండి పులియబెట్టాలా అనే చర్చ ఈ మధ్య ఇంటింటా వినిపిస్తోంది. ప్రొద్దుటూరు వాడైన డాక్టర్ ఖాదర్ వలీ చిరుధాన్యాల గురించి ఊరూరా చెప్పిన తర్వాత, అందులోనూ 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చాక, పట్నాల్లో కూడా మట్టి కుండకు గుడ్డ కట్టి అంబలి చేసుకునేవాళ్లు పెరిగారు. ఆయన చెప్పే పద్ధతిలో ముందు గింజను వండి, చల్లార్చి, ఆ తర్వాత రాత్రంతా పులియనిస్తారు. అప్పుడు పులియబెట్టిన బాక్టీరియా బతికి ఉండగానే కడుపులోకి వెళ్తుంది. మా ఇంటి పద్ధతిలో పొయ్యి మీద అదంతా చచ్చిపోతుంది. తర్వాత కలిపే మజ్జిగే మళ్లీ ప్రాణమున్న పులుపును చేరుస్తుంది. నేను రెండూ చేస్తాను. పొలానికో, ప్రయాణానికో పోయేటప్పుడు పులియబెట్టి వండినదే నమ్ముతాను, ఎండలో అది చెడకుండా ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంట్లో కూర్చుని తాగేటప్పుడు వండి పులియబెట్టిన కొర్ర అంబలి రుచే రుచి.

ఈ నేలకు అంబలి కొత్త అలవాటు అనుకోకండి. 1970 ఫిబ్రవరి 2న ఇప్పుడు ప్రకాశం అని పిలిచే జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. నల్లమల నీడలో పడిన మెట్ట ప్రాంతం ఇది. వాన తక్కువ, బావులు లోతు. గుండ్లకమ్మ మీద కంభం చెరువు కింద మాత్రం వరి పచ్చగా ఉండేది. విజయనగర రాజుల కాలం నాటి ఆ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఆయకట్టు దాటితే సజ్జ, జొన్న, కొర్ర, వరిగ, ఆరికలే. పక్కనున్న పల్నాడులో జొన్న తప్ప ఇంకేమీ దొరకడం లేదని శ్రీనాథ మహాకవి చాటువుల్లో విసుక్కున్నాడు. నాకు ఆయన పద్యాలు ఇష్టమే గానీ ఆ విసుగుతో ఏకీభవించలేను. పులిసిన జొన్నంబలి వేసవి పొద్దున ఆయనకు ఎవరూ సరిగ్గా పోసి ఉండరు.

కుండలో పోసిన నీళ్ల గురించి కూడా చెప్పాలి. కింద ఉన్న ఆ ఇరవై లీటర్ల శుద్ధి నీళ్ల క్యాన్ చూశారా? పిండి కలపడానికి ఆ నీళ్లే వాడతాను. ఈ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. ఇక్కడ చాలా ఊళ్ల బోర్లు ఆ గీత దాటినవే. మరిగిస్తే ఫ్లోరైడు పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. అంబలి లాగా చాలాసేపు కాచే వంటకు ఇది పెద్ద విషయం. బీరు తయారీలో చేయి తిరిగినవాళ్లు ముందుగా అడిగేది నీళ్ల గురించే, అందులో ఏ ఉప్పు ఎంత ఉందని. ఇక్కడ ఆ ప్రశ్న మన ఎముకలకు సంబంధించినది కూడా. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టుకు ఈ ప్రాంతపు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్నాం. శ్రీశైలం నీళ్లు నల్లమల కొండను తొలిచిన సొరంగాల గుండా వచ్చి ఈ పల్లెల కుండల్లో పడాలన్నది అప్పటి నుంచీ ఇక్కడి వాళ్ల కోరిక. ఇంకో మాట: మునిసిపల్ కుళాయి నీళ్లే దిక్కయితే వాటిని ఒక రాత్రి మూత లేకుండా ఉంచి వాడండి. క్లోరిన్ వాసన పోకుండా కలిపితే పులుపు మందగిస్తుంది.

తెల్లారింది. పైకి రండి, మిద్దె మీద అసలు పని ఉంది.

ఆ తడి గోనెపట్టా తొలగించండి. వేడి తగిలిందా చేతికి? రాగులు మొలకెత్తేటప్పుడు ఊపిరి తీసుకుంటాయి, ఆ ఊపిరికి గుట్ట లోపల వేడి పుడుతుంది. అందుకే పూటకు రెండుసార్లయినా చేత్తో కలియబెట్టి పలచగా పరవాలి, లేకపోతే మధ్యలో ఉడికి బూజు పడుతుంది. ఒక గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకోండి. కోసిన దోసకాయ వాసన వస్తుంది. ఎర్రటి గింజ కింద తెల్లటి వేరు, గింజ కంటే కొంచెం పొడుగు. ఇంతకు మించి పెరగనివ్వకూడదు. మొలక తన ఎదుగుదల కోసం గింజలో దాచిన పిండిని చక్కెరగా మార్చుకోవడానికి అమైలేజ్ అనే ఎంజైములు తయారు చేసుకుంటుంది. ఆ ఎంజైములు నిండుగా పుట్టాక, పిండి ఇంకా ఖర్చు కాకముందే మొలకను ఆపడమే మాల్టు విద్య. ఒక పూట నానబెట్టడం, రెండు మూడు రోజులు మొలకెత్తించడం, ఆరబెట్టడం. ఐరోపాలో బార్లీతో చేసేదీ ఇదే వరస. చిరుధాన్యాల్లో మాల్టుకు బాగా ఒదిగేది రాగి అని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో మల్లేశి, దేశికాచార్ చేసిన పరిశోధనలు చూపించాయి. పరిశోధన జరగక ముందే పసిపిల్లలకు మొలకరాగుల పిండి జావ కాచిన అమ్మమ్మలకు ఆ సంగతి అనుభవంలో తెలుసు.

ఈ మిద్దెకు ఎండ కొదవ లేదు. పొద్దున పరిస్తే సాయంత్రానికి మొలకలు గలగలలాడతాయి. నడి ఎండలో కాంక్రీటు మీద నేరుగా పరవకూడదు. తడి ఉండగానే ఎక్కువ వేడి తగిలితే ఎంజైములు చెడిపోతాయి. మంచం మీద గుడ్డ పరచి, కింద గాలి ఆడేటట్టు ఆరబెట్టాలి. ఆరాక మూకుడులో సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా మాత్రమే వేడి చేసి, అరచేతుల మధ్య నలిచి, చేటలో చెరిగితే వేళ్లన్నీ ఎగిరిపోతాయి.

పక్క మంచం మీద ఉన్నవి జొన్న మొలకలు. వాటి విషయంలో నా మాట కచ్చితంగా వినండి. జొన్న మొలకలో, వేరులో డ్యూరిన్ అనే పదార్థం ఉంటుంది, దాని నుంచి సైనైడ్ పుడుతుంది. కోత అయ్యాక మోళ్ల నుంచి వచ్చే లేత జొన్న పిలకలను పశువులు మేయకుండా రైతులు కాపలా కాసేది ఇందుకే. జొన్న మాల్టు చేస్తే మొలకలు, వేళ్లు పూర్తిగా నలిచి చెరిగి పారేయాలి, ఆ తర్వాత పిండిని బాగా ఉడికించాలి. పచ్చి జొన్న మొలకలను సలాడ్ అని తినొద్దు. రాగికి ఈ గొడవ లేదు. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు రాగే చెబుతాను.

ఇప్పుడు మళ్లీ వంటింట్లోకి. మీకు చూపించాలని నేను ఎదురుచూస్తున్నది ఇదే.

గిన్నెలో చిక్కటి జొన్న జావ ఉంది. తెడ్డు నిలబెడితే నిలబడుతోంది. థర్మామీటరు పెట్టండి: 78. జొన్న పిండిపదార్థం కరగాలంటే బార్లీ కంటే ఎక్కువ వేడి కావాలి, అందుకే ముందు బాగా ఉడికించాను. ఇప్పుడే మాల్టు వేస్తే అంత వేడికి ఎంజైములు త్వరగా చచ్చిపోతాయి. ఆగుదాం. 72. 69. ఓపిక పట్టండి. 66. ఇప్పుడు ఈ వెచ్చటి నీళ్లలో కలిపిన రాగి మాల్టు పిండి, మూడు చెంచాలు, పోసి తిప్పండి.

తిప్పుతూనే ఉండండి. ఒక నిమిషం. రెండు. చేతికి తెలుస్తోందా? తెడ్డు తేలికవుతోంది. వేరే నీళ్లేమీ పోయలేదు, అయినా జావ పలచబడుతోంది. పది నిమిషాలకు గరిటెతో ఎత్తితే ధారగా జారుతుంది. పొడుగాటి పిండి గొలుసులను ఎంజైములు ముక్కలు ముక్కలుగా కోస్తున్నాయి. ఈ దృశ్యం మొదటిసారి చూసినవాళ్లు ఎవరైనా మళ్లీ మాల్టు మానరని నా నమ్మకం. చిన్నపిల్లలకు, జబ్బు పడి లేచినవాళ్లకు ఇందులో గొప్ప మేలుంది: మామూలు జావలో నీళ్లు ఎక్కువ, గింజ తక్కువ, ఇలా చేస్తే అదే పలచదనంలో రెండింతల గింజ పట్టించవచ్చు. రాష్ట్రంలో 2023 మార్చి నుంచి సర్కారు బడుల్లో పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలైంది. బడి గిన్నెలో ఒక చెంచా మాల్టు పడితే ఆ జావ ఎంత బలపడుతుందో!

గిన్నెకు మూతపెట్టి పాత దుప్పటి చుట్టండి. గంటసేపు 60 నుంచి 65 మధ్య వేడి నిలబడితే చాలు. ఈలోపు అయోడిన్ పరీక్షకు సిద్ధం చేద్దాం. మందుల షాపులో పుండ్లకు అమ్మే అయోడిన్ ద్రావణం తెల్ల పింగాణీ సాసరులో ఒక చుక్క. పొద్దున తీసిపెట్టిన జావ, మాల్టు వేయనిది, అందులో ఒక బొట్టు వేయండి. నల్లటి నీలం. పిండిపదార్థం ఉందని గుర్తు. గంటయ్యాక దుప్పటి విప్పి తీసిన నీళ్లు వేయండి. అయోడిన్ గోధుమరంగుగానే ఉండిపోతే పిండి చక్కెర అయిపోయినట్టు. కొంచెం ఊదా రంగు తిరిగితే ఇంకో పావుగంట ఉంచాలి. పరీక్షించిన చుక్కను తిరిగి గిన్నెలో వేయకండి.

గుడ్డలో వడకట్టిన నీళ్లను పొడుగాటి గ్లాసులో పోసి చల్లార్చి, ఇదిగో, ఈ లాక్టోమీటరు వదలండి. పాల కేంద్రంలో పాలు పలచనా చిక్కనా అని చూసే గాజు పరికరమే. విదేశాల్లో ఇంటి దగ్గర బీరు చేసుకునేవాళ్లు ఈ పనికి హైడ్రోమీటరు అనే దాన్ని కొంటారు. రెండింటి సూత్రం ఒకటే. 28 దగ్గర ఆగిందంటే లీటరు ద్రవం 1028 గ్రాములు తూగుతుందని అర్థం, నీటి కంటే ఎక్కువున్న బరువు చాలావరకు చక్కెరే. పలక మీద ఆ అంకె ఎక్కించండి. ఇప్పుడు ఒక గుక్క తాగండి. ఒక్క పలుకు బెల్లం వేయలేదు. తియ్యగా ఉందా లేదా?

ఇక్కడి నుంచి దారులు చీలుతాయి. అమెరికాలో ఇదే తీపి నీటిలో హాప్ పువ్వులు వేసి కాచి, చల్లార్చి, ఈస్టు చల్లుతారు. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో అక్కడ ఇంటి అవసరానికి బీరు చేసుకోవడం ఫెడరల్ నేరం కాకుండా పోయింది, ఆ తర్వాతే అదొక పెద్ద సరదాగా పెరిగింది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లకు ఆ దారి తెరిచి ఉంది. మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో మత్తు పానీయం చేయడం నేరం. నేను ఇక్కడే ఆగుతాను. భయం ఒక్కటే కారణం అనుకోకండి. మా పక్క జిల్లా నెల్లూరులోని దూబగుంటలో 1990ల మొదట్లో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం తెచ్చింది, 1995 జనవరిలో మొత్తం మద్యం మీద నిషేధం వచ్చింది. రెండేళ్లకు అది సడలింది గానీ ఆ ఆడవాళ్లు అడిగిన ప్రశ్న ఇంకా ఊళ్లలో ఉంది. నల్లమల అంచు పల్లెల్లో డ్రమ్ముల కొద్దీ బెల్లం ఊట పారబోశారనే వార్త ఇప్పటికీ చదువుతుంటాం. ఆ డ్రమ్ముల వెనక కూలి డబ్బు పోగొట్టుకున్న ఇళ్లుంటాయి. ఈ నేల మీద కూర్చుని మత్తును సరదా అనడానికి నాకు నోరు రాదు.

గిద్దలూరు దాటి రైలు దిగువమెట్ట అడవిలోకి ఎక్కుతుంటే కిటికీలోంచి చూడండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పచెట్ల కింద తెల్లవారకముందే కండగల పువ్వులు రాలి ఉంటాయి. ఎండిన ఇప్పపువ్వులో సగానికి పైగా చక్కెరే. ఎలుగుబంట్లతో పోటీపడి చెంచులు ఏరుకునేది ఆ తీపినే. వాళ్లకు అది తిండి, మందు, పండగనాటి సారా కూడా. మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమండార్ఫ్ 1943లో చెంచుల మీద పుస్తకం రాసేనాటికే ఇప్ప వాళ్ల బతుకులో భాగం. అది వాళ్ల విద్య. బయటివాళ్లం దాన్ని కాపీ కొట్టి సీసాల్లో నింపాల్సిన పని లేదు. పువ్వు కొనేటప్పుడు సరైన ధర ఇస్తే అదే మేలు. అడవి అంచున పొద్దున్నే దించే ఈతకల్లు కూడా అంతే. లొట్టిలో పడిన గంటల్లోనే గాలిలోని ఈస్టు దాన్ని పులియబెడుతుంది, లొట్టికి లోపల సున్నం పూస్తే ఆగుతుంది. పులియడాన్ని ఆపడం కూడా విద్యే అని గీత కార్మికుడి లొట్టి చెబుతుంది.

తీపి మాల్టు నీళ్లను మరి ఏం చేస్తానంటారా? సగం వేడిగా ఉండగానే పిల్లలకు పాలతో కలిపి ఇస్తాం. సగం చల్లార్చి, రెండు గరిటెల అంబలి పులుపు కలిపి ఒక పూట ఉంచితే తీపి పులుపుల పానీయం అవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి ఆ సాయంత్రమే తాగేయాలి.

ఆ మూలన ప్లాస్టిక్ సీసాల్లో ఉన్నది అల్లం పానీయం. తొక్కతో దంచిన అల్లం, పంచదార, నీళ్లు రోజూ కొంచెం కొంచెం కలుపుతూ వారం పెంచిన తోడుతో చేశాను. సీసా నొక్కి చూడండి, రాయిలా గట్టిపడింది. అంటే లోపల గాలి నిండింది. ఇక ఫ్రిజ్‌లోకి. ఇంకా బయట ఉంచితే మత్తు చేరడం మొదలవుతుంది, గాజు సీసా అయితే పగిలి గుచ్చుకునే ప్రమాదమూ ఉంది. చిన్నప్పటి గోలీ సోడా బుస గుర్తున్నవాళ్లకు ఇది నచ్చుతుంది.

చివరిగా ఈ రెండు పాత్రలు చూడండి. ఒకే పిండి, ఒకే పులుపు, ఒకే సమయం. ఒకటి స్టీలు డబ్బా, ఒకటి మట్టి కుండ. థర్మామీటరు రెండింటిలో పెట్టండి. కుండలో మూడు నాలుగు డిగ్రీలు తక్కువ. కుండ ఒంటి నుంచి నీరు చెమర్చి ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. మే నెలలో స్టీలు డబ్బాలో పులుపు పరుగెత్తి ముదురుతుంది, కుండలో నిదానంగా, మెత్తగా వస్తుంది. కుండే మేలన్నది పాత మోజు అని నేనూ కొన్నాళ్లు అనుకున్నాను, పక్కపక్కన పెట్టి కొలిచాక ఆ మాట మానుకున్నాను. అయితే కుండకు సేవ ఎక్కువ. కొత్తది రెండు రోజులు నీళ్లలో నాననివ్వాలి, గంజి కాచి పారబోయాలి, సబ్బు తగలనివ్వకూడదు, కడిగాక ఎండలో బోర్లించాలి. అంత ఓపిక లేనివాళ్లు స్టీలు డబ్బాకు తడిగుడ్డ చుట్టి ఇసుక మీద పెట్టుకోండి, చాలావరకు సరిపోతుంది.

మీరు ఇంటికి వెళ్లాక చేయాల్సింది చెబుతాను. అర కిలో రాగులు కొనండి. ఇవాళ రాత్రి నానబెట్టండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో డెబ్బై దాటిన ఆడమనిషి ఉంటే దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి: ఏ గింజ, ఎన్ని నీళ్లు, ఏ కుండ, ఎన్ని గంటలు, ఎండాకాలం ఎట్లా, ముసురు పట్టినప్పుడు ఎట్లా. ఆమె "ఇంత" అని గుప్పెడు చూపిస్తే ఆ గుప్పెడును తూకం వేసి అంకెతో సహా రాసిపెట్టండి. తర్లుపాడులో ఒక రకం, రాచర్లలో ఒక రకం, యర్రగొండపాలెంలో ఇంకో రకం అంబలి ఉంది. వాటిలో చాలావాటికి ఇంతవరకు రాతలో లెక్క లేదు. తెలిసినవాళ్లు బతికి ఉండగానే ఆ లెక్క తీసుకోండి.